షేర్‌పాయింట్ లైబ్రరీలో ఫైళ్లు మార్చడం: హిస్టరీ పోకుండా, లింకులు తెగకుండా

మా టీమ్ షేర్‌పాయింట్‌లో ఒక బడ్జెట్ ఎక్సెల్ ఫైలు ఉండేది. ఆరుగురం కలిసి ఏడాది పాటు దిద్దుకుంటూ వచ్చాం. వెర్షన్ హిస్టరీ (ఫైలు పాత రూపాల జాబితా) తెరిస్తే నలభైకి పైగా వరసలు. ఎవరు ఏ రోజు ఏ అంకె మార్చారో అంతా అందులోనే ఉండేది. దాన్ని కొత్త ఫోల్డర్‌లో పెట్టమంటే నేను డౌన్‌లోడ్ చేసి, కొత్త చోట అప్‌లోడ్ చేసి, పాతది డిలీట్ చేశాను. ఆ మధ్యాహ్నమే ఒక సహోద్యోగి వచ్చి, "పోయిన నెలలో ఈ మొత్తం ఎంత ఉండేదో చూద్దామని హిస్టరీ తెరిచాను, 1.0 ఒక్కటే ఉందేంటి?" అని అడిగారు. నా గుండె జారిపోయింది. పాత ఫైలు ఇంకా రీసైకిల్ బిన్‌లో ఉంది కాబట్టి సరిపోయింది. దాన్ని వెనక్కి తెచ్చి, నేను అప్‌లోడ్ చేసినదాన్ని తీసేసి, ఈసారి షేర్‌పాయింట్‌లోని "మూవ్ టు" బటన్‌తో మార్చాను. నలభై వరసలూ ఫైలుతో పాటే వచ్చాయి.

ఫైలు మార్చడానికి నొక్కాల్సిన బటన్లు మూడో నాలుగో. అది ఎవరైనా నేర్చుకుంటారు. ఫైలు వెంట ఏమేం వస్తాయి, ఏమేం వెనకే ఉండిపోతాయి అన్నది తెలుసుకోవడం దగ్గరే అసలు పని ఉంది. వెర్షన్ హిస్టరీ, పర్మిషన్లు, అందరికీ పంపిన లింకులు, కాలమ్‌లలో నింపిన వివరాలు అన్నీ ఒకే తీరుగా ప్రయాణించవు. ఈ వ్యాసమంతా మైక్రోసాఫ్ట్ 365లోని షేర్‌పాయింట్ డాక్యుమెంట్ లైబ్రరీ గురించి, అంటే టీమ్ ఫైళ్లను ఆన్‌లైన్‌లో పెట్టుకుని అందరూ కలిసి వాడుకునే చోటు గురించి. మీరు టీమ్స్‌లో "ఫైల్స్" ట్యాబ్ మాత్రమే వాడుతున్నా ఇది మీకూ వర్తిస్తుంది, ఎందుకంటే ఆ ట్యాబ్ వెనక ఉన్నది షేర్‌పాయింట్ లైబ్రరీయే.

ముందుగా చూసుకోవాల్సినవి

మొదటిది, మీకున్న పర్మిషన్. మార్చడం అంటే పాత చోటు నుంచి తీసి కొత్త చోట పెట్టడం. కాబట్టి పాత చోట తీసేసే హక్కు, కొత్త చోట చేర్చే హక్కు రెండూ ఉండాలి. చూడటానికి మాత్రమే అనుమతి ఉన్నవాళ్లకు "మూవ్ టు" బటనే కనిపించదు. బటన్ లేదంటే మీ కంప్యూటర్‌లో ఏదో తేడా ఉందనుకుని తల పట్టుకోకండి. సైట్ ఓనర్‌ని (మీ టీమ్ షేర్‌పాయింట్ సైట్‌ను చూసుకునేవారిని) అడగండి.

రెండోది, ఆ ఫైలు ఇప్పుడు ఎవరి దగ్గరైనా తెరిచి ఉందా? వర్డ్‌లోనో ఎక్సెల్‌లోనో ఎవరో పని చేసుకుంటుండగా ఫైలును చెప్పాపెట్టకుండా జరిపితే, ఒక్కోసారి ఫైలు లాక్ అయి ఉందని షేర్‌పాయింట్ ఆపేస్తుంది, ఒక్కోసారి అవతలివాళ్లు సేవ్ చేసేటప్పుడు తిప్పలు పడతారు. ఫైలు పక్కన చెకౌట్ గుర్తు (ఒకరు దిద్దడానికి తమ పేరు మీద తీసుకున్నారని చెప్పేది) ఉంటే, తీసుకున్నవాళ్లు తిరిగి చెకిన్ చేసేదాకా ఆగండి. ఎవరు తీసుకున్నారో తెలియకపోతే ఆ గుర్తు మీద మౌస్ ఉంచితే పేరు కనిపిస్తుంది.

మూడోది చాలామంది మరిచిపోయేది: ఈ ఫైలు మీద ఆధారపడి నడుస్తున్నవి ఏవి? వేరే ఎక్సెల్ షీటు ఈ ఫైలు నుంచి అంకెలు లాక్కుంటోందేమో. తనంతట తానే పని చేసే పవర్ ఆటోమేట్ ఫ్లో ఒకటి ఈ ఫోల్డర్‌నే కాపలా కాస్తోందేమో. పవర్ బీఐ రిపోర్ట్ ఇక్కడి నుంచే డేటా తీసుకుంటోందేమో. ఇవి చాలావరకు ఫైలును దాని దారిని (ఏ ఫోల్డర్‌లో ఉందో చెప్పే చిరునామాను) బట్టి వెతుక్కుంటాయి. దారి మారిందని వాటికి ఎవరూ చెప్పరు. పైగా అవి ఆ రోజే విరగవు. నెలాఖరున రిపోర్ట్ తీసేటప్పుడు విరుగుతాయి, అప్పటికి మనం ఫైలు మార్చిన సంగతే మరిచిపోయి ఉంటాం. అందుకే మార్చే ముందు టీమ్ చాట్‌లో ఒక్క వాక్యం రాస్తాను: "ఈ ఫోల్డర్‌లోని ఫైళ్లను రేపు సాయంత్రం ఫలానా చోటికి మారుస్తున్నాను, వీటికి ఏవైనా రిపోర్టులు, ఫ్లోలు ముడిపడి ఉంటే చెప్పండి." ఒక్కరు జవాబిచ్చినా ఒక రోజు పని మిగిలినట్టే.

బ్రౌజర్‌లో "మూవ్ టు"తో మార్చడం

ఎన్ని దారులున్నా నేను నమ్మేది దీన్నే. కొత్తగా చేరినవాళ్లకు నేర్పేదీ ఇదే.

1. బ్రౌజర్‌లో లైబ్రరీ తెరిచి ఫైలు ఉన్న ఫోల్డర్‌కి వెళ్లండి. పేరు మీద నొక్కితే ఫైలు తెరుచుకుంటుంది, కాబట్టి పేరు జోలికి పోకుండా వరసకు ఎడమ చివర నొక్కి టిక్ పెట్టండి. ఒకటికి మించి మార్చాలంటే అన్నిటికీ టిక్ పెట్టండి. ఎన్ని ఎంచుకున్నారో పైన అంకె కనిపిస్తుంది. ఆ అంకెను ఒకసారి చూడండి. మీరు అనుకున్నది ఐదు, అక్కడున్నది ఆరు అయితే ఎక్కడో చేయి జారినట్టే.

2. పైన ఉన్న వరసలో "మూవ్ టు" నొక్కండి. స్క్రీన్ చిన్నదైతే అది మూడు చుక్కల మెనూలో దాక్కుని ఉంటుంది. పక్కనే "కాపీ టు" కూడా ఉంటుంది, కంగారులో దాన్ని నొక్కకండి. రెంటికీ ఉన్న తేడా కింద చెబుతాను.

3. ఎక్కడికి మార్చాలో అడుగుతూ ఒక కిటికీ తెరుచుకుంటుంది. ఇదే లైబ్రరీలోని ఫోల్డర్లు, మీరు వెళ్లగలిగిన ఇతర సైట్లు, మీ వన్‌డ్రైవ్ (ఆన్‌లైన్‌లో మీ సొంత ఫైళ్ల చోటు) కనిపిస్తాయి. కావాల్సిన ఫోల్డర్ లోపలికి దిగండి. ఫోల్డర్ ఇంకా లేకపోతే అక్కడే కొత్తది సృష్టించుకోవచ్చు.

4. "మూవ్ హియర్" నొక్కే ముందు ఒక్క క్షణం ఆగి, మీరు ఏ ఫోల్డర్‌లో ఉన్నారో చదవండి. "రిపోర్టులు" అనే ఫోల్డర్ ప్రతి ప్రాజెక్టులోనూ ఉంటుంది. పేరు సరిగ్గానే ఉంటుంది, ప్రాజెక్టే వేరుగా ఉంటుంది. నేను చూసిన పొరపాట్లలో ఎక్కువ భాగం ఇక్కడ జరిగినవే.

5. పని ఎక్కడిదాకా వచ్చిందో షేర్‌పాయింట్ చూపిస్తూ ఉంటుంది. పూర్తయ్యాక కొత్త చోటికి వెళ్లి, ఫైలు చేరిందో లేదో కళ్లారా చూసుకోండి.

అదే పేరుతో అక్కడ ఇంకో ఫైలు ఉంటే షేర్‌పాయింట్ ఆగి అడుగుతుంది: రెండూ ఉంచాలా, పాతదాని స్థానంలో దీన్ని పెట్టాలా? ఆలోచించకుండా "రీప్లేస్" నొక్కడమంటే వేరొకరి పనిని చెరిపేయడమే కావచ్చు. ముందు రెండూ ఉంచండి. తర్వాత రెంటినీ తెరిచి, ఏది అసలైనదో తేల్చుకుని, మిగిలినదాన్ని తీసేయండి.

"మూవ్ టు", "కాపీ టు"ల తేడా ఇది. మూవ్‌లో వెర్షన్ హిస్టరీ మొత్తం ఫైలుతో పాటు వెళ్తుంది. కాపీలో ఆఖరి వెర్షన్ ఒక్కటే వెళ్తుంది, పాతవన్నీ అసలు ఫైలు దగ్గరే ఉండిపోతాయి. అంతకంటే పెద్ద చిక్కు, కాపీ చేస్తే ఒకే ఫైలు రెండు చోట్ల బతుకుతుంది. సగం మంది ఒకదాన్ని, సగం మంది ఇంకోదాన్ని దిద్దుతారు. వారం తర్వాత ఆ రెంటినీ కలపడం కంటే కొత్తగా రాసుకోవడమే సులువనిపిస్తుంది. కాపీ కావాల్సింది టెంప్లేట్లకే అని నా అభిప్రాయం.

లాగి వదలడం

అదే లైబ్రరీలో ఒక ఫోల్డర్ మీదకు ఫైలును లాగి వదిలితే అది లోపలికి వెళ్లిపోతుంది. పైకి తేవాలంటే, పైన కనిపించే దారిలోని ఫోల్డర్ పేరు మీదకు లాగొచ్చు. ఒకటి రెండు ఫైళ్లకు ఇది హాయిగా ఉంటుంది. హిస్టరీ కూడా పదిలమే.

ఫోల్డర్లను మాత్రం ఇలా లాగొద్దని గట్టిగా చెబుతాను. కళ్ల ముందు జరిగినట్టు ఊహించండి: జాబితాలో పన్నెండు ఫోల్డర్లు వరసగా ఉన్నాయి. ఐదోదాన్ని తెరుద్దామని నొక్కబోతే వేలు ఒక క్షణం ఎక్కువసేపు ఆనింది, చేయి కొద్దిగా కిందికి కదిలింది. ఐదో ఫోల్డర్ వెళ్లి ఆరోదానిలో కూర్చుంది. చప్పుడు లేదు, హెచ్చరిక లేదు. చూసేవాళ్లకు ఫోల్డర్ మాయమైంది. "ఎవరో డిలీట్ చేశారు" అనే మాట టీమ్ అంతా పాకుతుంది. అలాంటప్పుడు రీసైకిల్ బిన్‌లో వెతక్కండి, అక్కడ ఉండదు, ఎందుకంటే అది డిలీట్ కాలేదు. లైబ్రరీలోని సెర్చ్ పెట్టెలో ఆ ఫోల్డర్ పేరు కొట్టండి. దొరక్కపోతే జాబితాలో దానికి పైనా కిందా ఉండే ఫోల్డర్లు తెరిచి చూడండి. దాదాపు ప్రతిసారీ పక్కింట్లోనే దొరుకుతుంది.

కంప్యూటర్‌లోకి సింక్ అయిన ఫోల్డర్లు

వన్‌డ్రైవ్ సింక్ (ఆన్‌లైన్ ఫైళ్లను కంప్యూటర్‌లోనూ ఉంచి, రెండు చోట్లా ఒకేలా ఉండేలా చూసే ఏర్పాటు) పెట్టుకున్నవాళ్లకు లైబ్రరీ ఫైల్ ఎక్స్‌ప్లోరర్‌లో మామూలు ఫోల్డర్‌లాగే కనిపిస్తుంది. ప్రమాదం అక్కడే పొంచి ఉంది. అది మీ కంప్యూటర్‌లోని ఫోల్డర్ అనిపిస్తుంది కానీ అందరిదీ.

అదే లైబ్రరీ లోపల ఒక ఫోల్డర్ నుంచి ఇంకోదానికి జరిపితే ఇబ్బంది లేదు. ఒక లైబ్రరీ నుంచి వేరే లైబ్రరీకి ఎక్స్‌ప్లోరర్‌లో కట్ చేసి పేస్ట్ చేస్తే మాత్రం, అక్కడ కొత్తగా అప్‌లోడ్ చేసి ఇక్కడ డిలీట్ చేసినట్టు అవుతుంది. అంటే నా బడ్జెట్ ఫైలు కథే మళ్లీ, వెర్షన్ హిస్టరీ రాదు. లైబ్రరీ దాటి మార్చాల్సినప్పుడల్లా బ్రౌజర్‌కి వెళ్లండి.

ఇంకా పెద్ద పొరపాటు, సింక్ అయిన ఫోల్డర్‌ను "ఇంట్లో పని చేసుకుందాం" అని డెస్క్‌టాప్ మీదకు లాగడం. మీ దృష్టిలో అది మీ కంప్యూటర్‌లోనే చోటు మారింది. షేర్‌పాయింట్ దృష్టిలో ఆ ఫోల్డర్ లైబ్రరీ నుంచి పోయింది, అందరికీ పోయింది. వెంటనే గమనిస్తే ఎక్స్‌ప్లోరర్‌లోనే కంట్రోల్ జడ్ నొక్కండి. ఆలస్యమైతే బ్రౌజర్‌లో సైట్ రీసైకిల్ బిన్ తెరిచి, అక్కడి నుంచి రిస్టోర్ చేయండి. డిలీట్ అయినవి అక్కడ 93 రోజులు ఉంటాయి. డెస్క్‌టాప్ మీదున్నదాన్ని తిరిగి లైబ్రరీలోకి లాగడం కంటే రిస్టోర్ చేయడమే మేలు. అలా చేస్తే ఫైళ్లు పాత చోటికి, పాత హిస్టరీతో వస్తాయి.

వేరే లైబ్రరీకి, వేరే సైట్‌కి మార్చేటప్పుడు

ఒకే లైబ్రరీలో జరపడం ఒక ఇంట్లో గది మారడం లాంటిది. సైట్ మారడమంటే ఊరు మారినట్టే. బటన్ అదే "మూవ్ టు", కానీ మూడు విషయాలు పట్టి చూడాలి.

పర్మిషన్లు మొదటివి. ఫైలుకు విడిగా పర్మిషన్లు పెట్టి ఉండకపోతే, అది ఏ ఫోల్డర్‌లోకి వెళ్తే ఆ ఫోల్డర్ పర్మిషన్లే దానికి వస్తాయి. ఇది ఒకే లైబ్రరీలోనూ నిజమే. ముగ్గురికి మాత్రమే తెరిచి ఉన్న ఫోల్డర్‌లో జీతాల పట్టిక ఉందనుకోండి. దాన్ని "వార్షిక నివేదికలు" అనే, అందరూ చూసే ఫోల్డర్‌లోకి మార్చారు. ఆ క్షణం నుంచి ఆ పట్టికను అందరూ చూడొచ్చు, సెర్చ్‌లోనూ దొరుకుతుంది. తిరగబడ్డా అంతే కష్టం: అందరూ వాడే ఫారాన్ని తాళం వేసిన ఫోల్డర్‌లోకి మారిస్తే, వాడేవాళ్లకు యాక్సెస్ లేదనే తెర ఎదురవుతుంది. మార్చిన వెంటనే ఫైలు పక్కనున్న మూడు చుక్కలు నొక్కి, "మేనేజ్ యాక్సెస్" తెరిచి పేర్లు చదవండి. రహస్యమైన ఫైలైతే ఈ పని మార్చాక కాదు, ముందే చేయాలి. గమ్య ఫోల్డర్‌కు ఎవరెవరికి యాక్సెస్ ఉందో చూశాకే "మూవ్ హియర్" నొక్కాలి.

రెండోది కాలమ్‌లు. కొన్ని లైబ్రరీలలో ఫైలు పేరు పక్కన "క్లయింట్", "స్థితి", "గడువు తేదీ" లాంటి కాలమ్‌లు పెట్టుకుని ఓపిగ్గా నింపుకుంటారు. ఒకే లైబ్రరీలో ఎటు మార్చినా అవి చెక్కుచెదరవు. వేరే లైబ్రరీలో ఆ కాలమ్‌లు లేకపోతే అందులో రాసుకున్నదంతా రాలిపోతుంది. ముందుగా కొత్త లైబ్రరీలో అవే కాలమ్‌లు, అదే పేరుతో, అదే రకంతో తయారు చేయండి. తర్వాత ఒకే ఒక్క ఫైలును మార్చి, వివరాలు వచ్చాయో లేదో చూడండి. వస్తేనే మిగతావి. వివరాలు పోతాయని తెర మీద హెచ్చరిక కనిపిస్తే అది మాటవరసకు వచ్చింది కాదు, అక్కడే ఆగండి.

మూడోది లింకులు. "కాపీ లింక్" బటన్‌తో తీసిన లింకులో ఫైలు గుర్తింపు ఉంటుంది, కాబట్టి అదే లైబ్రరీలో చోటు మారినా అది సాధారణంగా తెరుచుకుంటుంది. ఫోల్డర్ పేర్లన్నీ బారుగా కనిపించే లింకు మాత్రం దారిని నమ్ముకున్నది. దారి మారితే తెగుతుంది. సైట్ మారినప్పుడు పాత లింకు ఏదైనా సరే, పనిచేస్తుందన్న నమ్మకం పెట్టుకోకండి. కొత్తది తీసి పంపండి.

టీమ్స్ ఛానెల్ ఫోల్డర్ల జోలికి పోకండి

టీమ్స్‌లో ఒక మామూలు ఛానెల్ సృష్టిస్తే, ఆ టీమ్ సైట్‌లోని "డాక్యుమెంట్స్" లైబ్రరీలో అదే పేరుతో ఒక ఫోల్డర్ పుడుతుంది. ఛానెల్ "ఫైల్స్" ట్యాబ్ ఆ ఫోల్డర్‌నే చూపిస్తుంది. లోపలి ఫైళ్లను ఎటైనా జరపండి. ఆ ఫోల్డర్‌ను మాత్రం షేర్‌పాయింట్‌లో మార్చినా, పేరు దిద్దినా ఛానెల్‌కూ ఫైళ్లకూ ఉన్న బంధం దెబ్బతింటుంది. ప్రైవేట్ ఛానెళ్లకు విడిగా సొంత సైటే ఉంటుంది. అందుకని మామూలు ఛానెల్ నుంచి ప్రైవేట్ ఛానెల్‌కి ఫైలు మార్చడం, టీమ్స్‌లో పక్కపక్కనే కనిపించినా, సైట్ దాటడం కిందికే వస్తుంది. పైన చెప్పిన మూడూ చూసుకోండి.

వన్‌నోట్ నోట్‌బుక్ గురించీ ఒక మాట. అది చూడటానికి ఒక్క ఫైలు, లోపల ఫోల్డర్. దాన్ని మార్చే ముందు అందరి చేతా మూయించి, మార్చాక కొత్త చోటు నుంచి మళ్లీ తెరిపించండి.

గంపగుత్తగా మార్చాల్సి వచ్చినప్పుడు

వందలు, వేల ఫైళ్లున్నప్పుడు ఒకే దెబ్బకు అన్నీ ఎంచుకుని పంపాలనిపిస్తుంది. నేను పంపను. ఉపఫోల్డర్ తర్వాత ఉపఫోల్డర్‌గా విడదీసి, ఒకటి చేరిందని చూసుకున్నాకే రెండోది మొదలుపెడతాను. మధ్యలో ఏదైనా ఆగిపోతే ఎక్కడ ఆగిందో వెంటనే తెలుస్తుంది. మొదలుపెట్టే ముందు పాత ఫోల్డర్‌లో ఎన్ని ఫైళ్లున్నాయో కాగితం మీద రాసుకుంటాను, అయ్యాక కొత్త చోట లెక్క చూస్తాను. మీ లైబ్రరీని చాలామంది సింక్ పెట్టుకుని ఉంటే ఈ పని సాయంత్రానికి పెట్టుకోండి. మీరు జరిపిన ప్రతిదీ వాళ్లందరి కంప్యూటర్లలోనూ జరగాలి కదా.

పేరు పొడవు కూడా అడ్డు తగలొచ్చు. ఫోల్డర్ల దారి, ఫైలు పేరు కలిపి 400 అక్షరాలు దాటకూడదు. పైన ఉన్న ఫోల్డర్‌ను తీసుకెళ్లి మూడంచెల లోపల పెడితే, దాని కింద ఉన్న ప్రతి ఫైలు దారీ పొడుగవుతుంది. తెలుగులో పేర్లు పెట్టుకునేవాళ్లు ఇంకాస్త గమనించాలి. కంటికి ఒక్క అక్షరంలా కనిపించే "క్షి" కంప్యూటర్ లెక్కలో నాలుగు: క, పొల్లు, ష, గుడి. సింక్ వాడేవాళ్లకు హద్దు ఇంకా ముందే తగులుతుంది, ఎందుకంటే విండోస్‌లో చాలా ప్రోగ్రాములు 260 అక్షరాలు దాటిన దారులను తెరవలేవు. అందుకే లోతైన ఫోల్డర్లలోకి మార్చే ముందు పేర్లు కుదిస్తాను. ప్రాజెక్టు పేరు ఫోల్డర్ మీద ఉన్నాక, లోపలి ప్రతి ఫైలు మీదా మళ్లీ రాయాల్సిన పనిలేదు.

తప్పు జరిగితే

ఒకే లైబ్రరీలో పొరపాటున మార్చినదాన్ని మళ్లీ "మూవ్ టు"తో వెనక్కి తెచ్చుకోవడమే సులువు. ఏది ఎక్కడికి పోయిందో తెలియకపోతే, లైబ్రరీలో కుడివైపు తెరుచుకునే "డీటెయిల్స్" పేన్‌లో ఇటీవలి మార్పులు చూడండి. చాలాసార్లు ఆ జాబితాలోనే సమాధానం ఉంటుంది. పెద్ద ఎత్తున తారుమారైతే సైట్ ఓనర్ దగ్గర "రిస్టోర్ దిస్ లైబ్రరీ" అనే మార్గం ఉంది. గత 30 రోజుల్లో ఒక సమయానికి లైబ్రరీ మొత్తాన్ని తీసుకెళ్తుంది. మొత్తం అంటే మొత్తమే, ఆ సమయం తర్వాత మిగతావాళ్లు చేసిన మంచి పని కూడా వెనక్కి పోతుంది. ఐదు ఫైళ్ల కోసం దాన్ని వాడకండి.

మార్చాక

ఫైలు చేరింది, హిస్టరీ ఉంది, పర్మిషన్లు చూశారు. ఇక దాన్ని వెతుక్కుంటూ పాత చోటికి వచ్చేవాళ్ల సంగతి. చాట్‌లో కొత్త లింకు పెట్టండి, అయితే అందరూ చదువుతారని అనుకోకండి. పాత ఫోల్డర్‌లో "న్యూ" నొక్కి "లింక్" ఎంచుకుంటే, కొత్త చోటు చిరునామాతో ఒక లింకును అక్కడే ఫైలులా ఉంచొచ్చు. నేను దానికి "ఫైళ్లు ఇక్కడికి మారాయి" అని పేరు పెడతాను. అలవాటు కొద్దీ పాత ఫోల్డర్ తెరిచినవాళ్లు దాన్ని నొక్కి నేరుగా చేరుకుంటారు. ఒక నెలాఖరు రిపోర్టుల హడావిడి గడిచి, ఎవరూ ఏమీ విరిగిందని చెప్పకపోతే, అప్పుడు ఆ లింకునూ ఖాళీ ఫోల్డర్‌నూ తీసేస్తాను.